మొన్న 75 అన్నారు, ఇప్పుడు 55 అంటున్నారు

ప్రశ్న: అక్కా, మాది గూడూరు దగ్గర పల్లె. పద్నాలుగేళ్లుగా చెన్నైలో, అంబత్తూరులో ఉంటున్నాం. మా ఆయన ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో లేత్ మిషన్ మీద పని చేసేవారు. తొమ్మిది నెలల కిందట డ్యూటీ దిగి బండి మీద ఇంటికొస్తుంటే లారీ కొట్టింది. కుడి మోకాలి కింద ఎముక విరిగి బయటికొచ్చింది. రెండుసార్లు ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. డిశ్చార్జి చేసేటప్పుడు ఏదో స్టడీ అని సంతకం పెట్టించుకున్నారు. మూడో నెలలో ఫోన్ చేసి నడక ఎలా ఉంది, నొప్పి ఎలా ఉంది, దిగులుగా ఉందా అని అడిగి, చివర్లో ఈ రోజు మీ ఆరోగ్యానికి నూటికి ఎంత వేస్తారు అన్నారు. వాకర్ పట్టుకుని బాత్రూముకి పోవడమే గగనంగా ఉన్న రోజులవి. అయినా ఈయన 75 అన్నారు. ఆరో నెలలో చేతికర్రతో వీధి చివరిదాకా నడుస్తున్నప్పుడు అడిగితే 55 అన్నారు! డాక్టరేమో ఎక్స్‌రే చూసి ఎముక బాగా అతుక్కుంటోంది అంటున్నారు. మా మరిది ‘కేసు నడుస్తోంది, తక్కువే చెప్పన్నా’ అంటాడు. మా అత్త ‘నోటితో చెడ్డ మాట అనకూడదు, బాగున్నానని చెప్పు నాయనా’ అంటుంది. నన్నడిగితే ఈయన బాగానే ఉన్నా అంటారు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి చూస్తే వరండాలో ఒక్కరే కూర్చుని ఉంటారు. పన్నెండో నెలలో మళ్లీ ఫోన్ వస్తుందట. ఈసారి ఆయన బదులు నేనే చెప్పెయ్యనా? అసలు ఈ నంబర్ల వల్ల ఎవరికేం ఒరుగుతుంది?
ఒక చెల్లెలు, అంబత్తూరు

జవాబు: చెల్లెమ్మా, మీ ఆయన రెండుసార్లూ నిజమే చెప్పారు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. మీరు రాయలేదు గానీ, ఏదో ఒకసారి ఆయన నోటికొచ్చిన నంబరు చెప్పి ఉంటారన్న అనుమానం మీ ఉత్తరంలో నాకు కనిపించింది.

నేను ఈ ఊళ్లో విరిగిన కాళ్లూ చేతులతో వచ్చేవాళ్లకు ఫిజియోథెరపీ చేయించబట్టి పంతొమ్మిదేళ్లు. మధ్యలో నాలుగేళ్లు మీకొచ్చినలాంటి ఫోన్లు నేనే చేశాను. అందుకని ఫోన్‌కి అవతలి పక్కన ఏం జరుగుతుందో కూడా చెప్పగలను.

ఆ చివరి ప్రశ్న కాగితం మీద ఎలా ఉంటుందంటే, థర్మామీటరులాగా నిలువుగా ఒక గీత. పైన 100, అడుగున 0. 100 అంటే మీరు ఊహించుకోగల అతి మంచి ఆరోగ్యం. 0 అంటే మీరు ఊహించుకోగల అతి చెడ్డ ఆరోగ్యం. అంటే కొలబద్ద రెండు కొసలూ మనిషి ఊహలోనే ఉన్నాయి. మూడో నెలలో మీ ఆయనకు ఆ సున్నా ఎక్కడుంది? రోడ్డు మీద పడి తన ఎముకను తన కళ్లతో చూసుకున్న క్షణంలో ఉంది. కాలు ఉంచుతారో తీసేస్తారో అని ఆపరేషన్ థియేటరు బయట స్ట్రెచర్ మీద పడుకున్నప్పుడుంది. దానితో పోలిస్తే సొంత కాళ్ల మీద బాత్రూముకి వెళ్లి రావడం చిన్న సంగతి కాదు. 75 వేశారు. ఆరో నెలకు ఆ రోడ్డు వెనకబడిపోయింది. ఇప్పుడు ఆయన చూపు లేత్ మీద ఉంది, నెల జీతం మీద ఉంది, తనతో చేరి ఇప్పుడు ఓవర్‌టైమ్ చేస్తున్నవాళ్ల మీద ఉంది. నడక పెరిగింది, దానికన్నా ఆశ ఎక్కువ పెరిగింది. ఆ ఆశ ముందు వీధి చివరిదాకా నడక తక్కువగా కనిపించింది. 55 వేశారు.

పరిశోధకులు దీన్ని రెస్పాన్స్ షిఫ్ట్ అంటారు. మిర్యం స్ప్రాంజర్స్, కారొలిన్ ష్వార్ట్జ్ అనే ఇద్దరు 1999లో దీన్ని వివరంగా రాశారు. జబ్బో దెబ్బో తగిలిన మనిషికి కొలిచే కొలతే మారిపోవచ్చు, దేనికి విలువివ్వాలన్నది మారిపోవచ్చు, ‘ఆరోగ్యం’ అన్న మాటకు అర్థమే మారిపోవచ్చు అన్నారు. తరచుగా ఇది పైకి జరుగుతుంది. చూసేవాళ్లకు అయ్యో పాపం అనిపించే మనిషి తన బతుకు మీద తను తృప్తిగా ఉంటాడు. కొందరికి మీ ఆయనలా కిందికి జరుగుతుంది.

అయితే నంబరు తగ్గినప్పుడల్లా ఇదే కారణమని సరిపెట్టుకోకూడదు. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చిన దెబ్బకు ఇన్‌ఫెక్షన్ భయం మామూలుగా ఎముక విరిగినప్పటి కన్నా ఎక్కువ. రాడ్ వేసిన చోట కొత్తగా నొప్పి మొదలైనా, చర్మం వేడిగా ఎర్రగా ఉన్నా, పాత మచ్చ నుంచి చీము గానీ నీరు గానీ కారినా, జ్వరం వస్తున్నా, పోయిన నెల బరువు మోపిన కాలు ఈ నెల మోపలేకపోయినా, పన్నెండో నెల ఫోన్ కోసం కాదు, వచ్చే ఓపీ రోజు కోసం కూడా ఆగొద్దు. వెంటనే తీసుకెళ్లండి.

రెండోది ఆ వరండా. నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. రాత్రి రెండింటికి లేచి కూర్చున్న మనిషిని ‘ఏంటి, ఎలా ఉంది’ అని అడిగితే బాగానే ఉంది అనే అంటారు. అలా అడక్కండి. పక్కన కూర్చుని, ‘నొప్పి లేపిందా, ఆలోచన లేపిందా?’ అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు ఎంతోమంది మగవాళ్లు నా దగ్గర నోరు విప్పారు. నొప్పి లేపిందంటే డాక్టరు దగ్గర మందుల సంగతి, పడుకునే తీరు సంగతి మాట్లాడాలి. ఆలోచన లేపిందంటే అది ఏ ఆలోచనో తెలియాలి. డబ్బా, పనా, లేక ఆ లారీ మళ్లీ మళ్లీ కళ్ల ముందుకు వస్తోందా? హారన్ వినపడితే ఉలిక్కిపడుతున్నారా, ప్రమాదం జరిగిన ఆ దారిలో వెళ్లనంటున్నారా, బండి వైపు చూడటమే మానేశారా? ఇవి ఒంటికి తగిలిన దెబ్బ మనసులో మిగిల్చిన గుర్తులు, పిరికితనం కాదు.

దీనికీ కొలతలున్నాయి. పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నలు. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, ఉత్సాహం, తన మీద తనకున్న అభిప్రాయం ఎలా ఉన్నాయని అడుగుతారు. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3, మొత్తం 27. పదో అంతకన్నా ఎక్కువో వస్తే డాక్టరు కూర్చోబెట్టి మాట్లాడాల్సిందే. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండును అనిపిస్తోందా, తనకు తాను హాని చేసుకోవాలనిపిస్తోందా అన్నది. దానికి జవాబు ‘అప్పుడప్పుడు’ అని వచ్చినా మొత్తం లెక్క చూడక్కర్లేదు, ఆ రోజే సాయం తీసుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ 14416 నంబరుకు రాత్రి రెండింటికైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడేవాళ్లను అడగండి. ముందు మీరే చేసి, ఇలా ఉన్నారు, ఏం చేయమంటారు అని అడిగినా తప్పులేదు.

ఇక ఆయన బదులు మీరు చెప్పొచ్చా అన్న మాట. మనిషి స్పృహలో ఉండి, మాట తెలుస్తూ, మాట్లాడగలుగుతుంటే వద్దు. తలకు దెబ్బ తగిలి మాట పోయినవాళ్ల విషయంలో ఇంట్లోవాళ్లను అడుగుతారు, తప్పదు. అప్పుడు కూడా ఒక తేడా పాటిస్తారు. ‘మీ కంటికి ఆయన ఎలా ఉన్నారు’ అని అడిగే ఫారం వేరు, ‘ఆయన్నే అడిగితే ఏం చెబుతారనుకుంటున్నారు’ అని అడిగే ఫారం వేరు. ఎన్ని మెట్లెక్కారు, స్నానం ఎవరు చేయించారు అన్నవి ఇంట్లోవాళ్లు బాగానే చెబుతారు, ఎందుకంటే అవి కంటికి కనిపిస్తాయి. నొప్పి దగ్గరా దిగులు దగ్గరా అంచనా తప్పిపోతుంది. మీకు ఆయన నొప్పి ఆయన పడుతున్న దానికన్నా ఎక్కువగానో తక్కువగానో కనిపిస్తుంది. అది మీ తప్పు కాదు. ప్రేమ ఉన్నచోట భయం కూడా ఉంటుంది, భయంతో చూసిన చూపు వేరేగా ఉంటుంది.

ఇందులో నేను చేసిన తప్పొకటి ఉంది. పొదలకూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, తాపీ మేస్త్రి. పరంజా మీద నుంచి పడి తుంటి విరిగింది. ఆరో నెలలో ఫోన్ చేశాను. కొడుకు స్పీకర్‌లో పెట్టాడు. సొంత పనులు చేసుకోగలుగుతున్నారా అంటే ‘బాగానే చేసుకుంటున్నానమ్మా’ అన్నాడు. నొప్పి ఎలా ఉందంటే ‘బాగానే ఉంది.’ దిగులు? ‘మనకెందుకమ్మా దిగులు, బాగానే ఉన్నాం.’ నేను వరసగా ‘ఇబ్బంది లేదు’ గడిలో టిక్కు పెట్టుకుంటూ పోయాను. పదిహేను రోజులకు ఓపీకి వచ్చినప్పుడు, కొడుకు మందుల చీటీ పట్టుకుని కౌంటర్‌కి వెళ్లిన రెండు నిమిషాల్లో ఆయన నా వైపు చూడకుండా చెప్పాడు. ‘కోడలు చెయ్యి పట్టుకుంటే గానీ దొడ్డికి కూర్చోలేకపోతున్నానమ్మా, ఆ పిల్ల ముందు తలెత్తుకోలేకపోతున్నా.’ అప్పటికే నేను నింపిన ఆ ఫారం కంప్యూటర్‌లోకి ఎక్కిపోయింది. ఆ లెక్కలో ఆయన పూర్తిగా కోలుకున్న మనిషి.

అప్పటినుంచి నేను ‘బాగానే’ని నమ్మడం మానేశాను. మన మాటలో మీరే గమనించండి. ‘బాగున్నాను’ వేరు, ‘బాగానే ఉన్నాను’ వేరు. ఆ ‘నే’ చేరేసరికి ఏదో దాచిపెట్టి తలుపు మూసినట్టుంటుంది. ‘పర్లేదు’ ఇంకో మెట్టు కింద. ‘ఏదో ఉన్నాం’ దానికీ కింద. ‘కానీ, ఏం చేస్తాం’ అన్నారంటే నేను పెన్ను పక్కన పెట్టేదాన్ని. ఫారంలో ఉండే ఇబ్బంది లేదు, కొంచెం, ఓ మోస్తరు, చాలా, అసలు చేయలేను అన్న అయిదు మెట్లలో మన ‘బాగానే’ ఎక్కడ పడుతుందో అడిగే మనిషి ఊహించకూడదు. ఆ అయిదూ చదివి వినిపించి ‘వీటిలో ఏది’ అని మళ్లీ అడగాలి. నేను ఆ రోజు అడగలేదు.

మీ ఆయన్ని ఏ భాషలో అడిగారో మీరు రాయలేదు. పద్నాలుగేళ్లు అంబత్తూరులో ఉన్నారంటే తమిళం ధారాళంగా వచ్చే ఉంటుంది. పని దగ్గర భాష వేరు, నొప్పి చెప్పుకునే భాష వేరు. కొత్తగా ఈ ఊరొచ్చిన మనవాళ్ల సంగతి ఇంకా కష్టం. మా టీమ్‌లో ఒక తమిళ అమ్మాయి ఎంతో మర్యాదగా ‘అవసరం ఇల్లామ బదిల్ సొల్లుంగ’ అంది ఒకాయనతో. తొందర లేకుండా జవాబు చెప్పండి అని దానర్థం. ఆయనకు వినిపించింది ‘అవసరం లేదు’ అని. సరేనమ్మా అని ఫోన్ పెట్టేశాడు. ఇలాంటివి జరక్కూడదనే ఈ ప్రశ్నావళులను ఒక భాషలోకి మార్చి, మళ్లీ వెనక్కి మూలభాషలోకి మార్పించి, ఆ భాష మాట్లాడే మామూలు మనుషుల్ని కూర్చోబెట్టి ‘ఈ మాట మీకెలా అర్థమైంది’ అని అడిగి చూస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జీవన నాణ్యత ప్రశ్నావళిని తయారు చేసినప్పుడు మొదటి పదిహేను కేంద్రాల్లో మన మద్రాసు కూడా ఒకటి. మంచి బతుకంటే ఏమిటని ఈ ఊరివాళ్లను కూడా అడిగి రాసిన ప్రశ్నలవి. అందుకే దాని 26 ప్రశ్నల చిన్న రూపంలో ఒళ్లు, మనసుతో పాటు చుట్టూ ఉన్న మనుషులు, ఉండే ఇల్లు, చేతిలో డబ్బు గురించి కూడా ఉంటాయి. మీరు మాత్రం పన్నెండో నెల ఫోన్ వచ్చినప్పుడు తెలుగులో అడిగేవాళ్లున్నారా అని నిస్సంకోచంగా అడగండి.

‘ఎవరికేం ఒరుగుతుంది’ అన్నారు. కోపంతో అడిగినా న్యాయమైన ప్రశ్నే. రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ 2022 లెక్కల ప్రకారం ఆ ఏడాది దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది, గాయపడినవాళ్లు 4,43,366 మంది. ప్రమాదాల సంఖ్యలో మన తమిళనాడుదే మొదటి స్థానం, 64,105. గాయపడ్డారు అన్న మాట దగ్గరే ఆ లెక్క ఆగిపోతుంది. ఆ నాలుగున్నర లక్షల మందిలో ఎవరు మళ్లీ పనికి వెళ్లారు, ఎవరు రాత్రిళ్లు వరండాలో కూర్చుంటున్నారు అన్నది ఏ పోలీసు రికార్డులోనూ ఉండదు. ఎక్స్‌రేలోనూ ఉండదు. ఎక్స్‌రే ఎముకను చూపిస్తుంది, అంతవరకే దాని పని. మీ డాక్టరు గారు చెప్పిందీ నిజమే, మీ ఆయన చెప్పిందీ నిజమే. ఇద్దరూ వేర్వేరు సంగతులు చెబుతున్నారు.

ఆపరేషన్ చేసిన ప్రతి రోగినీ ఏడాది తర్వాత వెతికి పట్టుకుని, ఫలితం ఏమైందో చూడాలని వందేళ్ల కిందటే బోస్టన్‌లో ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే సర్జన్ పట్టుబట్టాడు. అప్పట్లో తోటి డాక్టర్లకే అది నచ్చలేదు. ఇప్పుడు ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో పెద్ద దెబ్బలు తగిలినవాళ్ల పేర్లు ఒక రిజిస్ట్రీలో నమోదు చేసి, ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు నెలలకు ఫోన్ చేసి అడుగుతారు. అమెరికాలో ఎనిమిది ట్రామా సెంటర్లు కలిసి, కాలికి ఘోరమైన దెబ్బలు తగిలినవాళ్లను రెండేళ్లపాటు చూసి 2002లో ఫలితాలు ప్రచురించాయి. కాలు తీసేసినవాళ్లనూ కాలు నిలబెట్టినవాళ్లనూ మీ రోజు ఎలా గడుస్తోందని అడిగితే జవాబుల్లో పెద్ద తేడా కనిపించలేదు. రెండు వర్గాల్లోనూ రెండేళ్లకు పనికి తిరిగి వెళ్లినవాళ్లు దాదాపు సగం మందే. తేడా తెచ్చినవి వేరే ఉన్నాయి. పేదరికం, తక్కువ చదువు, బీమా లేకపోవడం, పట్టించుకునే మనుషులు లేకపోవడం, పొగ తాగడం, మళ్లీ మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సి రావడం, నేను చేయగలను అన్న ధైర్యం సన్నగిల్లడం. రోగుల్ని అడక్కుండా ఎక్స్‌రేలు మాత్రమే చూసి ఉంటే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. మీ ఆయన జవాబు కూడా అలాంటి కుప్పలోకే చేరుతుంది. ఫోన్ ఎత్తనివాళ్లు ఎలా ఉన్నారో మాత్రం ఎప్పటికీ తెలియదు.

మీరు రాసినదాన్ని బట్టి అది ఈక్యూ-5డి ప్రశ్నావళి అయ్యుంటుంది. 1987లో యూరప్‌లో మొదలైన ఒక బృందం తయారు చేసింది. నడక, సొంత పనులు, రోజువారీ పనులు, నొప్పి, ఆందోళన లేదా దిగులు, ఈ అయిదింటికీ అయిదేసి మెట్లు. అన్ని కలయికలూ లెక్కేస్తే 3,125 రకాల ‘ఎలా ఉన్నారు’లు వస్తాయి. వాటిలో ఏది ఎంత బరువైనదో ఆయా దేశాల మామూలు జనాన్ని అడిగి విలువ కడతారు. మన దేశానికి ఆ విలువల్ని చండీగఢ్‌లోని పీజీఐ వైద్య సంస్థ పరిశోధకులు 2022లో ప్రచురించారు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి, ఈ ప్రశ్నావళి ‘ఈ రోజు’ గురించి మాత్రమే అడుగుతుంది. నిన్న నొప్పి ఎక్కువుండి ఈ రోజు తక్కువుంటే ఈ రోజుదే చెప్పాలి, సగటు తీయకూడదు. పీహెచ్‌క్యూ-9కి రెండు వారాలు, పనులు చేసుకోవడంలో ఎంత ఇబ్బంది ఉందో అడిగే ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ప్రశ్నావళి హూడాస్‌కి ముప్పై రోజులు. దేని లెక్క దానిది. ఏ రోజులకు జవాబు చెప్పాలో ఫోన్ చేసినవాళ్లను ముందే అడగమనండి.

మీ మరిది సలహా గురించి. పరిహారం కేసులో ట్రిబ్యునల్ చూసేది వైకల్య ధ్రువపత్రం, డాక్టరు సాక్ష్యం, మనిషి చేసే పని. శరీర వైకల్యం శాతం వేరు, దానివల్ల పోయిన సంపాదన శాతం వేరు అని సుప్రీంకోర్టు 2010 అక్టోబరులో రాజ్‌కుమార్, అజయ్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఎడమ చెయ్యి పోతే డ్రైవరుకో వడ్రంగికో సంపాదన దాదాపు మొత్తం పోవచ్చు, అదే ప్రభుత్వ గుమస్తాకైతే ఉద్యోగమే పోకపోవచ్చు అని ఆ తీర్పులోనే ఉదాహరణ ఉంది. కాబట్టి లేత్ ముందు గంటల తరబడి నిలబడే పని అన్నది మీ లాయరుకు వివరంగా చెప్పండి, బలం అక్కడుంది. స్టడీలో తక్కువ చెప్పడంలో కాదు. ఆయన సంతకం పెట్టిన కాగితం తీసి చదివించుకోండి. జవాబులు ఎవరు చూస్తారు, ఎలా గోప్యంగా ఉంచుతారు అన్నది అందులో ఉండాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చు, దానివల్ల వైద్యం ఆపకూడదు. ఏదైనా ఒక ప్రశ్నకు జవాబు చెప్పను అనడానికి కూడా ఆయనకు హక్కుంది. అబద్ధం చెప్పడం కన్నా అది ఎంతో నయం.

మీ అత్తగారిని ఏమీ అనకండి. కొడుకు రోడ్డు మీద పడ్డాడని కబురు విన్న తల్లి ఆమె. చెడ్డ మాట అంటే అది నిజమైపోతుందన్న భయం ఆమెది, దానికి తర్కం చెబితే తీరేది కాదు. ‘డాక్టరు దగ్గర నొప్పి చెప్పుకోవడం చెడ్డ మాట కాదత్తా, మందు అడగడమే’ అని ఒకసారి చెప్పి ఊరుకోండి.

ఈ ప్రశ్నావళుల్లో నాకున్న అసంతృప్తి కూడా చెబుతాను. ‘రోజువారీ పనులు’ అన్న ఒక్క మాటలో మన బతుకు ఇమడదు. గొంతుక్కూర్చోగలరా? బాసింపట్టు వేసుకుని కింద కూర్చుని అన్నం తినగలరా? పీట మీద నుంచి చెయ్యి ఊతం లేకుండా లేవగలరా? ఊరెళ్తే అక్కడ ఎలాంటి దొడ్డి ఉంటుంది? పెళ్లి పంక్తిలో అందరూ కింద కూర్చుంటే ఈయనకొక్కడికీ కుర్చీ వేస్తే ముఖం ఎలా పెట్టుకుంటారు? నా దగ్గరికి వచ్చేవాళ్లు ఏడ్చేది ఎక్కువగా వీటి దగ్గరే. అయిదు ప్రశ్నల చిన్న ఫారంలో వీటికి చోటు లేదు.

అందుకని మేం ఇంకో పద్ధతి వాడతాం, మీరు ఇంట్లోనే చేసుకోవచ్చు. 1995లో కెనడా ఫిజియోథెరపిస్టులు ప్రచురించిన పద్ధతి ఇది. ప్రశ్నలు మనం ఇవ్వం, రోగే ఇస్తాడు. దెబ్బ వల్ల చేయలేకపోతున్న పనులు, తనకు ముఖ్యమైనవి, మూడో నాలుగో చెప్పమంటాం. ఒక్కోదానికి 0 నుంచి 10. అసలు చేయలేకపోతే 0, దెబ్బకు ముందులాగే చేస్తుంటే 10. పాత నోట్‌బుక్ ఒకటి ఆయన చేతికివ్వండి. ఆయన్నే రాయమనండి, మీరు చెప్పొద్దు. ‘గంటసేపు మిషన్ ముందు నిలబడటం, 3’ అని రాయొచ్చు. పిల్లను బండి మీద స్కూల్లో దింపడం అని రాయొచ్చు. మీరు ఊహించనిది ఏదో కూడా రాయొచ్చు. తేదీ వేసి, పక్కన ఆ నూటి నంబరు, దాని కింద ‘ఎందుకు’ అని ఒక్క వాక్యం. ఆ వాక్యమే నంబరు కన్నా విలువైంది. 55 అని ఒక్కటే ఉంటే ఎవరికీ ఏమీ తెలియదు. ‘55, నిన్న మెట్లు దిగుతుంటే మడమ పట్టేసింది, సూపర్‌వైజరు ఫోన్ ఎత్తలేదు’ అని ఉంటే ఫిజియోకి ఒక పని దొరుకుతుంది, మీకొకటి దొరుకుతుంది. నెలకోసారి చాలు. ఒకటి అటూ ఇటూ మారితే పట్టించుకోకండి, అది ఆ రోజు మూడ్. ఒకే పనిలో మూడు మెట్లు మారితే నిజంగా మార్పొచ్చినట్టు లెక్క. ఆ పుస్తకం ఓపీకి తీసుకెళ్లి, డాక్టరు ఎక్స్‌రే పెట్టెలో పెట్టి చూస్తున్నప్పుడే తెరిచి పక్కన పెట్టండి. నిలబడే ఓర్పు పెంచే వ్యాయామాలు వేరే ఉంటాయి, గొంతుక్కూర్చోవడానికి మోకాలునూ మడమనూ వంచే పద్ధతి వేరే ఉంటుంది. ఏది కావాలో తెలిస్తేనే మేం అది చేయించగలం. మీ ఆసుపత్రిలో ఫిజియో దొరకడం కష్టమైతే కె.కె. నగర్‌లో ప్రభుత్వ పునరావాస వైద్య సంస్థ ఉంది, డిశ్చార్జి కాగితాలు పట్టుకుని వెళ్లి అడగండి.

మీ గురించి మీరు ఒక్క మాట రాయలేదు. తొమ్మిది నెలలుగా రాత్రి రెండింటికి లేచి చూస్తున్న మనిషి నిద్ర ఎవరు లెక్కేస్తున్నారు? ఆ నోట్‌బుక్ చివరి పేజీ మీరు ఉంచుకోండి. మీ నిద్ర, మీ నడుము నొప్పి, ఇంటి అప్పు, అన్నీ రాయండి. ఫిజియో దగ్గరికి వెళ్లినప్పుడు అదీ చూపించండి. ఆయన్ని పట్టుకుని పైకి లేపే పద్ధతి మార్చితే మీ నడుము నిలుస్తుంది, అది మేం నేర్పగలం.

పన్నెండో నెల ఫోన్ వచ్చేసరికి సంక్రాంతో ఉగాదో అయితే, ఊళ్లో అందరి మధ్యా ఉన్నప్పుడు మాట్లాడొద్దు, రెండ్రోజులాగి చేయమనండి, చేస్తారు. ఇంట్లో ఉన్నప్పుడు వస్తే స్పీకర్ ఆఫ్ చేసి ఫోన్ ఆయన చేతికివ్వండి. తలుపు దగ్గరకు వేసి, అత్తగారిని తీసుకుని కిందికి దిగి కూరగాయలు కొనుక్కురండి, పావుగంట పడుతుంది. తిరిగొచ్చాక ఎంత చెప్పారని అడగకండి.